మంచి బడి ఉన్న పేటలో ఇల్లు తీసుకోవడం ఎలా?

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో కోయంబత్తూరుకు కాపురం మార్చేవాళ్ళు పిల్లల బడి గురించి బెంగపడనక్కర్లేదు. ఫోనులో మ్యాపు తెరిచి పేటల పేర్లు చదవండి, చాలు. పాపనాయకన్‌పాళయం కనిపించిందా? పేరులో నాయకుడున్నాడు కనుక అది తెలుగువాళ్ళ పేట. తెలుగువాళ్ళ పేట కనుక బడిలో తెలుగు చెబుతారు. తెలుగు చెబుతారు కనుక మంచి బడి. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 42 లక్షల పైమాటే. అంతమంది ఉన్నచోట మీవాడికి ఒక తెలుగు వాచకం దొరక్కపోతుందా? అంత తేలిగ్గా దొరకదు. ఈ సంగతి మాత్రం అడ్వాన్సు కట్టాక తెలుసుకోవడం మేలు, ముందే తెలిస్తే ఉత్సాహం చచ్చిపోతుంది.

ఒక్క తొందర ఉంది. వీధుల పేర్లలోంచీ ఊళ్ళ పేర్లలోంచీ కులం మాటలు తీసేయమని తమిళనాడు ప్రభుత్వం 2025 అక్టోబరులో జీవో ఇచ్చింది. బోర్డులు మారకముందే ఇల్లు చూసుకోండి. మారాక పేట ఎలాంటిదో తెలియాలంటే కాలినడకన తిరిగి చూడాల్సి వస్తుంది.

ఇల్లు చూడ్డానికి కోయంబత్తూరులోని పీలమేడు వెళ్తారు. వాకిట్లో కూర్చున్న అవ్వ మీ మాట వినగానే తెలుగులోనే పలకరిస్తుంది. “యాడ్నుంచి వస్తిరి నాయనా? బిడ్డలెంతమంది?” అంటుంది. వెంటనే సరిదిద్దండి. “వస్తిరి కాదవ్వా, వచ్చారు అనాలి” అని నెమ్మదిగా చెప్పండి. విజయనగరం పడిపోయిన రోజుల నుంచీ, అంతకు ముందు నుంచీ, బడీ పత్రికా అండ లేకుండా వంటింట్లోనూ వాకిట్లోనూ నిలబెట్టుకొచ్చిన మాట అది. దాన్ని నిన్న టీవీలో విన్న తెలుగుతో దిద్దే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు. ఇంతలో అవ్వ మనవడు సంచీ తగిలించుకుని బడి నుంచి వస్తాడు. స్నేహితుడితో తమిళంలో పోట్లాడుతూ, అవ్వతో తెలుగులో ఆకలంటూ, ఫోనులో ఎవరికో ఇంగ్లీషులో జవాబిస్తూ లోపలికి పోతాడు. వాడు ఏ బడికి వెళ్తున్నాడో మాత్రం అడక్కండి. ఇంటర్నెట్‌లో ఆ బడికి ఎన్ని నక్షత్రాలున్నాయో చూసుకోవచ్చు కదా.

పీలమేడుకు బడులు ఎలా వచ్చాయన్న ఆరా కూడా వద్దు. తీస్తే లెక్క తప్పుతుంది. ఆ ఊరి సామనాయుడు గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు 1926లో ఆస్తి పంచుకుంటూ నాలుగు వాటాలు వేయాల్సింది పోయి అయిదు వేశారు. అయిదోది ధర్మానికి. అదే పీఎస్‌జీ అండ్ సన్స్ చారిటీస్. సర్వజన హైస్కూలు దానికి రెండేళ్ళ ముందే, 1924లో, మొదలైంది. 1947లో ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, 1951లో ఇంజనీరింగు కాలేజీ వచ్చాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతుల ఊరు తమిళ పిల్లలతో కలిపి తన పిల్లల్ని కూర్చోబెట్టుకోవడానికి బడి పెట్టుకుంది. పేరు కూడా ఫలానా వారి బడి అని కాక సర్వజన అని పెట్టింది. చదువుకున్నవాళ్ళు అనుసరించదగ్గ పద్ధతి కాదిది. మంచి బడి ఉన్నచోటికి మనం పోవాలి గానీ, మనం ఉన్నచోటి బడిని మంచిది చేసుకోవడమేమిటి? తల్లిదండ్రుల మీటింగుకు రమ్మని చీటీ పంపితే ఆఫీసుందని చెప్పండి. ఆఫీసు లేకపోతే తలనొప్పి అనండి.

ఇక ఎప్పుడు కదలాలన్నది. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తెలివితక్కువగా తొందరపడి, పిల్లలు చిన్నగా ఉండగానే వచ్చేస్తున్నారు. 2006లో తమిళనాడు ఒక చట్టం చేసింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో మెట్టు చొప్పున తమిళం అందరికీ తప్పనిసరి. ఆ మెట్లు 2015-16కి పదో తరగతిదాకా చేరాయి. సరిగ్గా అదే ఏడాది సీబీఎస్ఈ వగైరా బోర్డుల బడుల్లోనూ ఒకటో తరగతి నుంచి మొదలైంది. కనుక పిల్లవాడు ఒకటిలోనో రెండులోనో ఉండగా వచ్చారంటే, తోటివాళ్ళతో పాటు పలకమీద దిద్దుకుని, సంక్రాంతి నాటికి వీధిలో తమిళం మాట్లాడుతూ కలిసిపోయే ప్రమాదం ఉంది. ఎనిమిది దాటేదాకా ఓపిక పట్టండి. తొమ్మిదిలో రండి. అదీ జూన్‌లో కాదు, డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్షలు ముగిశాక. అప్పుడు వాడికి కొత్త లిపి, కొత్త లెక్కల మేష్టారు, కొత్త స్నేహితులు, వచ్చే ఏడు పదో తరగతి పరీక్ష, అన్నీ ఒకేసారి అందుతాయి. మీసాలు మొలకెత్తే వయసుకు ఇంతకంటే మంచి కానుక లేదు.

ఇందులో ఇంకో లాభముంది. ఎనిమిది నుంచి పన్నెండు దాకా తమిళనాడులోనే చదివిన పిల్లల్ని ఇంజనీరింగు కౌన్సెలింగులో స్థానికత పత్రం అడగరు. తొమ్మిదిలో దిగినవాడికి ఆ సౌకర్యం ఒక్క ఏడాదితో తప్పిపోతుంది. తండ్రీ కొడుకులు కలిసి రెవెన్యూ ఆఫీసు వరండాలు చూసి రావచ్చు. సొంత ఊళ్ళో తీసుకున్న బీసీ సర్టిఫికెట్టు అక్కడి రిజర్వేషనుకు పనికిరాదన్న సంగతి కూడా ఆ వరండాలోనే చెబుతారు.

మాతృభాష వేరైన పిల్లలకు తమిళ పరీక్ష నుంచి మినహాయింపు ఉందటగా అని కొందరు అడుగుతారు. కొన్ని ఏళ్ళకు, కొన్ని బడులకు కోర్టులు ఇచ్చాయి. ఈ ఏడు, మీరు చూసిన బడిలో, మీవాడి తరగతికి అది వర్తిస్తుందా అన్నది బడి ఆఫీసు గుమాస్తాను అడిగితే పది నిమిషాల్లో తేలుతుంది. అందుకని అటు వెళ్ళకండి. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఆదివారం సాయంత్రానికి అయిదు రకాల జవాబులొస్తాయి, మీకు నచ్చింది తీసుకోవచ్చు.

ప్రభుత్వ బడుల వైపు కన్నెత్తి చూడొద్దు. అక్కడ పెద్ద వల పన్ని ఉంది. ఒకటి నుంచి అయిదు దాకా చదివే పిల్లలకు పొద్దున్నే టిఫిను పెట్టే పథకాన్ని 2022 సెప్టెంబరు 15న మదురైలోని ఒక కార్పొరేషను ప్రాథమిక పాఠశాలలో మొదలుపెట్టారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతా పాకింది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్ల కాలేజీలో చేరితే నెలకు వెయ్యి రూపాయలు. 2024 ఆగస్టులో కోయంబత్తూరులోనే మగపిల్లలకూ అదే మొదలుపెట్టారు. అవే తరగతులు అక్కడ చదివినవాళ్ళకు మెడికల్ సీట్లలో 2020 నుంచి, ఇంజనీరింగులో 2021 నుంచి 7.5 శాతం వేరుగా తీసి పెట్టారు. చూశారా ఎన్ని ఎరలో! పైగా ఫీజు లేదు. ఫీజు లేని చదువు గురించి బంధువుల పెళ్ళిలో ఏం చెప్పుకుంటారు? పేరు చివర ఇంటర్నేషనల్ అని ఉన్న బడిలో చేర్పిస్తే ఆ బాధ లేదు. ఆ బడి మైదానంలో గుర్రం కూడా ఉందేమో కనుక్కోండి. గుర్రం ఉంటే లెక్కల మేష్టారు ఏడాదికెంతమంది మారుతున్నారన్న ప్రశ్న మీకు తట్టదు.

దూరం సంగతి. విద్యాహక్కు చట్టం కింద తమిళనాడు పెట్టుకున్న నిబంధనల్లో అయిదో తరగతిదాకా బడి ఇంటికి కిలోమీటరులోపు, ఎనిమిదిదాకా మూడు కిలోమీటర్లలోపు ఉండాలని రాసుకున్నారు. ఆరేళ్ళ పిల్లల కాళ్ళు చూసి రాసిన లెక్క. మీకు కారుంది కనుక అది మీకు వర్తించదు. మీ ఆఫీసు శరవణంపట్టిలో, బడి వడవల్లి అవతల, ఇల్లు సింగనల్లూరులో ఉండేటట్టు చూసుకోండి. ఊరు మొత్తం తెలుస్తుంది. అవినాశి రోడ్డు మీద ఉప్పిలిపాళయం నుంచి గోల్డ్‌విన్స్ దాకా 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవరు 2025లో తెరిచారు, ఇక దూరమేమిటి అంటాడు ఇళ్ళ బ్రోకరు. నిజమే, పైన రివ్వున పోవచ్చు. బడి గేటు మాత్రం కిందే ఉంటుంది.

ఆ ఫ్లైఓవరుకు జి.డి. నాయుడి పేరు పెట్టారు. ఆయన్ని ఇక్కడ బాగా వాడుకోవచ్చు. కలంగల్ అనే పల్లెలో 1893లో పుట్టిన ఆ తెలుగు రైతుబిడ్డ ప్రాథమిక పాఠశాల దాటి చదవలేదు. బస్సులు నడిపాడు, మోటార్లు చేయించాడు. 1945లో అప్పటి గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయం వచ్చినప్పుడు దానికి పెద్దగా ఉండి, ఇంజనీరింగుకు నాలుగేళ్ళెందుకు రెండేళ్ళు చాలునని వాదించి, ప్రభుత్వం ఒప్పుకోకపోతే తప్పుకున్నాడు. దీన్నిబట్టి మీవాడికి బడి ఏదైనా ఒకటేనని తేల్చుకోవచ్చు. ఆయన కంటపడిన ప్రతి యంత్రాన్నీ విప్పి చూసుకున్నాడన్న ముక్క వదిలేయండి. మీవాడు ఇంట్లో మిక్సీ విప్పితే వీపు విమానం మోత మోగించండి.

మదురై వెళ్ళేవాళ్ళకు పని ఇంకా సులువు. తిరుమల నాయకుడి మహలు చుట్టుపక్కల ఇల్లు తీసుకోండి. 1623 నుంచి 1659 దాకా ఏలిన తెలుగు రాజు ఆయన. రాజు తెలుగువాడైతే ఇరుగుపొరుగూ తెలుగే కదా! ఆ వీధుల్లో మగ్గాల వాళ్ళు ఏదో భాష మాట్లాడుకుంటూ ఉంటారు. చెవి ఒగ్గితే మధ్యమధ్య తెలుగు మాట తగులుతుంది. అది సౌరాష్ట్రం, పడమటి తీరం నుంచి విజయనగరం మీదుగా వచ్చిన పట్టు నేతవారి సొంత భాష. మీరు మాత్రం అది తెలుగే, పాడైపోయిందంతే అని నిశ్చయించుకుని, పక్కింటి పిల్లలకు సాయంత్రాలు ఉచితంగా తెలుగు ట్యూషను చెబుతానని బయల్దేరండి. వాళ్ళు మర్యాదస్తులు, కాఫీ ఇచ్చి పంపుతారు.

అసలు తెలుగు పలుకు వినాలంటే మదురై దాటి దక్షిణంగా నల్లరేగడి పల్లెలకు పోవాలి. తెలుగునేల నుంచి వచ్చినవాళ్ళు కోట చుట్టూ కాక పత్తి పండే నేల చూసుకుని దిగారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ ఇళ్ళ బిడ్డే. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. ఎనిమిదో తరగతి దాటని ఆయనకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. తెలుగువాళ్ళు అక్కడికి వలస వచ్చి ఊరు కట్టుకున్న కథను మొత్తం తమిళదేశానికి తమిళంలోనే చెప్పాడు. అరవింద కంటి ఆసుపత్రిని 1976లో మదురైలో పెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిదీ ఆ నేలే. ఎట్టయాపురం దగ్గరి పల్లెలో ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకుని, తర్వాత మదురై అమెరికన్ కాలేజీలో చదివాడు. ఈ ఇద్దరికీ పక్కవాళ్ళ భాష అడ్డం రాలేదు. మీ పిల్లవాడికి మాత్రం వస్తుంది. ఎందుకంటే అది అడ్డమని మీరు రోజూ భోజనాల దగ్గర చెబుతారు.

మదురైలో పాత బడులకు కొదవలేదు. ఉత్తర వెళి వీధిలోని సేతుపతి బడిలో 1904లో సుబ్రహ్మణ్య భారతి కొద్ది నెలలు తమిళం చెప్పాడు. భారతి చెప్పిన బడి కనుక ఇప్పటికీ భారతే చెబుతున్నాడన్నంత నమ్మకంతో పిల్లవాణ్ణి చేర్చండి. తరగతిలో ఎంతమందున్నారు, నీళ్ళున్నాయా, మరుగుదొడ్డికి గడియ ఉందా అని అడగడం భారతిని అవమానించినట్టు. ఆడపిల్ల ఉంటే ఆ మూడో ప్రశ్న ముఖ్యమంటారు. అడగాలంటే ఆ బడిలో చదివే పిల్లల్నే అడగాలి. అడిగితే చెప్పేస్తారు, అదే చిక్కు.

అద్దె ఇంటికి అడ్వాన్సు పది నెలలది అడుగుతారు. వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదని 2017 అద్దెల చట్టంలో ఉంది. ఆ మాటెత్తితే ఇంటాయన నొచ్చుకుంటాడు. ఆయన కూడా నాయుడే, మనవాడే, కాగితం కూడా వద్దనుకోండి.

ఇంత చేసి పిల్లవాడు పదో తరగతి గట్టెక్కాక, వాణ్ణి విజయవాడ దగ్గర ఏదో కార్పొరేటు కాలేజీ హాస్టల్లో వేసేయాలి. మొదటే ఆ పని చేసి ఉండొచ్చు కదా అని మీ ఆవిడ అంటుంది, పట్టించుకోకండి. ఇల్లు ఖాళీ చేసే రోజు ఇంటాయన గోడల రంగుల ఖర్చని అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకుంటాడు. బడి ఫీజు కట్టేటప్పుడు నోరెత్తని మీరు ఇక్కడ మాత్రం గట్టిగా పోట్లాడండి. తెలుగులోనే పోట్లాడండి, ఆయనకు బాగా అర్థమవుతుంది.