చూరు దిగిన పెంకు

నా పేరులో బంగాళా ఉంది గానీ, బెంగాలుతో నాకు ఏ చుట్టరికమూ లేదు. బంగాళా పెంకులమైన మా వంశం మంగుళూరుది. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు అక్కడ తొలి పెంకుల కార్ఖానా పెట్టారు. ఇంకా వెనక్కి పోతే, ఒకరి అంచు ఇంకొకరి గాడిలో పడి బిగిసే ఈ ఏర్పాటుకు 1841లో ఫ్రాన్సులో గిలార్దోని అన్నదమ్ములు పేటెంటు తీసుకున్నారట. అచ్చు అక్కడిదైనా నా ఒళ్లు మాత్రం గోదావరి మట్టి. బట్టీలోంచి తీసిన రోజున ఒకాయన నన్ను వేలితో కొట్టి చూశాడు. ఖంగుమన్నాను. మంచివాళ్ల బండిలో వేశారు. బొదబొదమన్నవాళ్లు పక్కకు పోయారు.

పొడవు 16 అంగుళాలు, వెడల్పు 9 దాటి కొంచెం, బరువు రెండు కిలోల పైచిలుకు. చదరపు మీటరు కప్పాలంటే 15 మందిమి కావాలి. వీపున ఉన్న ముక్కును బద్దీకి తగిలించి కూర్చుంటాం. మేకులేవీ అక్కర్లేదు.

నన్ను ఎక్కించిన ఇల్లు కోనసీమలో, పడమటి ముఖంది. పడమటి ఇల్లంటే మధ్యాహ్నం నుంచి ఎండా, ఆషాఢం నుంచి వానజల్లూ ఎదురుగానే వచ్చి తలుపు తడతాయి. కట్టిన పెద్దాయనకు అది తెలుసు. అరుగులు దాటి మూడడుగులు ముందుకు చూరు దింపించాడు. పొడుగువాళ్లు తల వంచుకుని రావాలి. ఎండ గోడను ముట్టకుండా అరుగు దగ్గరే ఆగిపోయేది. వాన చూరు చివరనుంచి దారాలుగా కిందికి జారి రాతి గట్టు మీద పడేది. ఆ ఇంటి ముఖం బాగుందని అందరూ అనేవారు. అందం కోసమని అక్కడ పెట్టింది ఒక్కటీ లేదు. స్తంభం చూరును మోసేది, చూరు గోడను కాసేది, అరుగు మనుషుల్ని కూర్చోబెట్టేది.

మా గొప్పే చెప్పుకుంటే అబద్ధమవుతుంది. మా మీద కొబ్బరికాయ పడితే ముక్కలయ్యేవాళ్లం. కోతులు గెంతితే కదిలిపోయేవాళ్లం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గాలి చూరు కిందనుంచి దూరి మా వరసల్ని వరసలుగా లేపేసింది. ఇంట్లోవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పక్క డాబా ఇంటికి పరుగెత్తారు. డాబా కావాలని ఎవరైనా అంటే ఆ రాత్రి తర్వాత నేను తప్పు పట్టలేదు.

రెండేళ్ల క్రితం ఆ మాట మా ఇంట్లోనూ వచ్చింది. హైదరాబాదులో ఉన్న మనవడు ఎలివేషన్ బొమ్మ ఒకటి ఫోన్లో పంపాడు. పెట్టెలా చదునైన ముందు భాగం, బూడిదరంగు పలకలు, ఓ పక్కన కర్రలా కనపడే రేకు, పైన గాజు రెయిలింగు. ఆకాశం సాయంత్రపు రంగులో ఉంది. కరెంటు తీగల్లేవు, కాకుల్లేవు. ఎలివేషన్ బొమ్మల్లో వాన పడదు.

"చూరేదీ?" అంది మామ్మ.

"ఈ మోడల్లో చూరు రాదండి అమ్మగారూ. బాక్స్ టైపండి."

"మరి వానొస్తే?"

"వాటర్‌ప్రూఫ్ పెయింటేసేత్తామండి, ఆయ్," అన్నాడు మేస్త్రి.

మమ్మల్ని దించి పెరట్లో పేర్చారు. పెట్టె లేచింది. తొలి వానాకాలానికే కిటికీ మూలలనుంచి నల్లటి చారలు దిగాయి, కాటుక పెట్టుకుని ఏడ్చినట్టు. గదిలో గచ్చు తడిసింది. వేసవికి ఆ పడమటి గాజు కిటికీ ఎదుట ఎవరూ కూర్చోలేకపోయారు. లక్ష పోసి పెట్టిన కిటికీకి మందపాటి తెర కట్టి మూసేశారు. ఉప్పుగాలికి రెయిలింగు ఇనుప కాళ్లకు ఏడాదిలోనే తుప్పు పట్టింది. ముందు భాగాన్ని బొమ్మ చూసి కట్టుకుంటే అంతే. ఎండెటు, వానెటు, సముద్రమెంత దూరం అని ముందడగాలి. రంగులూ పలకలూ తర్వాతి మాట.

అప్పుడొచ్చింది మనవరాలు. ఆర్కిటెక్చరు చదివింది. మొత్తం పడగొట్టమనలేదు. కిటికీల మీద రెండడుగుల సన్‌షేడ్లు వేయించింది. వాటి అడుగున, అంచుకు కాస్త లోపలగా, వేలు పట్టేంత గాడి తీయించింది. నీళ్లు కిందివైపు పాకుతూ గోడ దాకా పోకుండా ఆ గాడి దగ్గరే తెగి పడతాయి. మేస్త్రి మొదట నవ్వాడు. ఇప్పుడు ఊళ్లో ఎవరిల్లు కట్టినా ఆ గాడి తనే తీస్తున్నాడు.

వసారాకి కొత్త స్లాబు పోసేటప్పుడు మాలో కొందరికి యోగం పట్టింది. లారీ బేకర్ కేరళలో చేసిన పద్ధతిలో మమ్మల్ని జంటలుగా, మధ్యలో గాలి ఉండేలా, ఇనుప చువ్వల నడుమ గళ్లలో పరిచి కాంక్రీటు పోయించింది. స్లాబు అడుగు భాగంలో కాంక్రీటు పెద్దగా బలం మోయదట. అక్కడ మేముంటే బరువు తగ్గుతుంది, సిమెంటు మిగులుతుంది, లోపలి గాలి వేడిని ఆపుతుంది. అరుగు మీద పడుకుని పైకి చూస్తే ఎర్రటి గళ్లు కనిపిస్తాయి. మా వాళ్లకు మళ్లీ ఉద్యోగమొచ్చినట్టే.

నాకు రాలేదు. మనవడి ముచ్చట కోసం పోర్టికో మీద వాలు స్లాబు పోసి, దాని మీద నన్ను సిమెంటుతో అతికించారు, ఎర్ర పాలిష్ కూడా పూశారు. వాననాపేది స్లాబు. నేను దాని మీద నగని. నా ముక్కుకు బద్దీ లేదు, నా కింద గాలి లేదు. ఫొటోల్లో మాత్రం నేనే ముందుంటాను. పగిలితే సుత్తితో పెళ్లగించాల్సిందే, వెనకటిలా చేత్తో తీసి ఇంకోటి తొడగడానికి లేదు.

పెరట్లో మామిడిచెట్టు కింద మావాళ్లు ఇంకా మూడొందల మంది పేర్చి ఉన్నారు. మీరు ఇల్లు కట్టుకుంటున్నా, పాతది బాగు చేయించుకుంటున్నా వచ్చి పట్టుకెళ్లండి, మామ్మ కాదనదు. ఒక్కొక్కర్నీ వేలితో కొట్టి చూసుకోండి. ఖంగుమన్నవాళ్లనే బండెక్కించండి. నగల పనికైతే మాత్రం అడగొద్దు.