వద్దనే మీట ఒకటి ఇప్పించ ప్రార్థన

మహారాజశ్రీ సమస్త సెర్చ్ ఇంజిన్ల యాజమాన్యాల వారి సముఖమునకు, పెందుర్తి వాస్తవ్యుడు, పింఛనుదారుడు, రోజుకి ఇరవైసార్లు తమరిని ఏదో ఒకటి అడిగి విసిగించేవాడు వ్రాసుకొను అర్జీ.

విషయం: నేను వద్దన్న వెబ్‌సైట్లను నాకు మళ్ళీ చూపించకుండా ఉండే ఏర్పాటు గురించి.

అయ్యలారా,

మా జిల్లాలో ఎవరికి ఏ కష్టమొచ్చినా సోమవారం పూట కలెక్టరాఫీసుకి వెళ్ళి గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టుకుంటారు. రోడ్డు మీద గుంతకైనా, ఆగిపోయిన పింఛనుకైనా, పక్కవాడు జరిపేసిన గట్టుకైనా అక్కడ ఒక బల్లా, బల్ల వెనక ఒక మనిషీ ఉంటారు. పని అవుతుందో లేదో తరవాతి సంగతి, రశీదైనా చేతికొస్తుంది. నా కష్టం చెప్పుకుందామంటే మీకు బల్ల లేదు, మనిషి లేడు. అందుకని నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

ఆ మధ్య మా ఇంట్లో ఫ్రిజ్ చల్లబడ్డం మానేసింది. కంపెనీ పేరు కొట్టి, పక్కన ‘విశాఖపట్నం సర్వీస్’ అని రాసి వెతికాను. మొదటి వరసలోనే ఒక సైటు. కంపెనీ బొమ్మ, నీలం చొక్కా వేసుకుని నవ్వుతున్న మెకానిక్కు, కింద ఇంత లావు అక్షరాల్లో ఫోన్ నంబరు. చేశాను. అవతలివాడు మహా మర్యాదస్తుడు. “పది రూపాయలే సార్ రిజిస్ట్రేషను, నేను పంపే యాప్ వేసుకోండి చాలు” అన్నాడు. అది దిగుతుండగా మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, “ఏవండీ, పాడైంది ఫ్రిజ్జయితే ఆయన మీ ఫోన్లోకి దూరడం ఏంటండీ?” అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వాడి దగ్గరా లేదు, ఫోన్ పెట్టేశాడు. డబ్బు పోలేదు గానీ, ఈ వయసులో ఇంత తేలిగ్గా దొరికిపోయానే అన్న సిగ్గు మిగిలింది.

ఆ రోజుతో అయిపోతే ఈ అర్జీ రాసేవాణ్ణి కాదు. మూడు నెలలకి వాషింగ్ మెషీన్ మొరాయించింది. మళ్ళీ వెతికాను. మళ్ళీ అదే సైటు, అదే నీలం చొక్కా, అదే నవ్వు. కంపెనీ బొమ్మ ఒక్కటే మారింది. ఈ మూడు నెలల్లో తమరు నా గురించి ఎంత తెలుసుకున్నారని! నాకు మోకాలి నొప్పి అని తెలుసు. మనవడికి సైకిలు కొనాలనుకున్నట్టు తెలుసు. ఏ రోజు పెసరట్టు ఎలా వెయ్యాలో వెతికానో తెలుసు. ఈ నీలం చొక్కావాడి మొహం నేను మళ్ళీ చూడదల్చుకోలేదన్న ఒక్క ముక్క మాత్రం తెలీదు. నాకేం కావాలో నాకంటే ముందే కనిపెట్టే మీకు, నేను వద్దంటే మాత్రం వినబడదు. (ఇది మీలో ఎవరి వాకిట్లో జరిగిందని అడక్కండి. పేరు రాస్తే పరువునష్టం దావా అంటారు, నాది పింఛను బతుకు.)

మోసగాళ్ళ సంగతి అలా ఉంచండి. వాళ్ళకి పోలీసులున్నారు. నేరం చెయ్యకుండా ప్రాణం తీసేవాళ్ళున్నారే, వాళ్ళకి ఎవరూ లేరు. మునక్కాడల పులుసు గురించి తెలుగులో వెతికితే ఒక సైటు, ‘డ్రమ్ము కర్రలను రెండంగుళాల ముక్కలుగా కత్తిరించుము’ అని చెప్పింది. జలుబుకి చిట్కా అడిగితే ‘పరిగెత్తే ముక్కు’ అంది. ఇంగ్లీషు పేజీని యంత్రంలో వేసి తిప్పి, తెలుగు అని పేరు పెట్టి, చుట్టూ ప్రకటనలు అంటించి వదిలిన సరుకు అది. ఇనుము రేటు చూద్దామంటే ముందు ఫోన్ నంబరు ఇమ్మంటాడు ఒకడు. ఇచ్చిన పాపానికి వారం రోజులు సిమెంటు, ఇటుక, బోరు బావి వాళ్ళందరూ నన్ను ‘సార్’ అన్నారు. కిరండూల్ పాసింజరు పెందుర్తిలో ఆగుతుందా అని అడిగితే ఒకే పట్టికని తలా కాస్తా మార్చి రాసుకున్న సైట్లు ఒకదానికొకటి పొంతన లేని జవాబులు చెప్పాయి. చివరికి చెప్పులేసుకుని స్టేషన్‌కి నడిచి వెళ్ళాను. కౌంటర్లో ఆయన తల ఎత్తకుండా అర నిమిషంలో చెప్పాడు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. మీరే వెతుక్కోండి, నా బాధ తెలుస్తుంది.

మా సింహాద్రి అప్పన్న ఏడాది పొడవునా చందనం పూతలో ఉండి, చందనోత్సవం నాడు ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. మీ మొదటి పేజీకి ఆ ఒక్కరోజు కూడా లేదు.

నేను కోరేది పెద్దదేం కాదు. మా వైపు పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడు కూర గిన్నెతో వస్తే, వద్దనుకున్నవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. నోరు తెరిచి ఒక్క మాటనక్కర్లేదు. వడ్డించేవాడు నొచ్చుకోడు, పక్క విస్తరికి వెళ్ళిపోతాడు. ఆ కూర పంక్తిలో మిగతా అందరికీ అందుతుంది. నా విస్తరిలో పడదు, అంతే. ప్రతి ఫలితం పక్కన ‘వద్దు’ అనే చిన్న మీట ఉంటే, అది ఆ అడ్డం పెట్టిన చెయ్యి. ఆ సైటు మూసెయ్యమని నేను అనడం లేదు. నాకు వడ్డించకండి అంటున్నాను.

అది కుదిరే పని కాదంటారేమోనని పాత రికార్డు తీశాను. మీ వంశంలో పెద్దవారైన గూగుల్ వారు 2008 నవంబరులో సెర్చ్‌వికీ అని ఒకటి పెట్టి, లాగిన్ అయినవాళ్ళకి ప్రతి ఫలితం పక్కన కొట్టేసే గుర్తు ఇచ్చారు. 2010 మార్చిలో అది తీసేసి, దాని బదులు నక్షత్రం ఇచ్చారు. అంటే మెచ్చుకోవచ్చు, తోసిపుచ్చకూడదు. 2011 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజున, విడాకుల పత్రం లాంటిది ఇచ్చారు: నచ్చని సైట్లని దాచేసే క్రోమ్ ఎక్స్‌టెన్షన్. పది రోజులకి నాసిరకం సైట్లని కిందకి దించేలా లెక్కలు మార్చారు. అమెరికాలో 11.8 శాతం వెతుకులాటల మీద దాని ప్రభావం పడిందన్నారు. ఆ సందర్భంలోనే ఒక నిజం ఒప్పుకున్నారు. జనం ఆ ఎక్స్‌టెన్షన్‌తో ఎక్కువగా అడ్డుకున్న కొన్ని డజన్ల సైట్లు తీసి చూస్తే, వాటిలో 84 శాతం వాళ్ళ కొత్త లెక్కకి కూడా చిక్కాయట. వాళ్ళ ఇంజనీర్లు కూర్చుని తేల్చినదాన్ని, మామూలు జనం చెయ్యి అడ్డం పెట్టి అప్పటికే తేల్చేశారన్నమాట. మార్చి 10న ఆ సౌకర్యం సెర్చ్‌లోకే వచ్చింది. మనిషికి 500 సైట్ల దాకా అడ్డుకోవచ్చన్నారు.

తరవాత అది పోయింది. ఎక్స్‌టెన్షనూ పోయింది. 2025 ఆగస్టులో అమెరికాతో పాటు మన దేశంలోనూ, వార్తల వరకు, నచ్చిన పత్రికల్ని ఎంచుకునే వీలు ఇచ్చారు. సంతోషం. అయితే అది మళ్ళీ ఆ నక్షత్రం బాపతే.

నచ్చకపోతే వేరే దుకాణానికి వెళ్ళమంటారు. మీలో పెద్దవారు ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ ముందే కుర్చీ వేసుకుని కూర్చోడానికి 2021 ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు చెల్లించారని అమెరికా కోర్టులో తేలింది. 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా, ఇది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యమే అని తీర్పు చెప్పారు. కుర్చీ కొనుక్కున్నవారు కూర్చోండి. ఎదుటివాడు చెప్పేది కాస్త వినండి. నెల చందా కట్టించుకునే కాగీ అనే చిన్న సెర్చ్ ఇంజిన్ ఈ ‘వద్దు’ మీట ఇస్తోంది. యూబ్లాక్‌లిస్ట్ అనే ఎక్స్‌టెన్షను ఊరికే వస్తుంది. కానీ మా పెందుర్తిలో నాలాంటివాడికి కంప్యూటరెక్కడిది? ఉన్నది ఫోను. ఫోన్లో చాలామంది వాడే క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ ఎక్కదు. ఇక వద్దన్న సైటు రాకుండా వెతికే మాటల పక్కన మైనస్ గుర్తు పెట్టి, దాని పేరు ఇంగ్లీషులో కొట్టి, ప్రతిసారీ అదే తంతు చెయ్యాలంటారా? అది రోజూ భోజనానికి కూర్చునే ముందు ‘నాకు కాకరకాయ వద్దు’ అని స్టాంపు కాగితం మీద రాసివ్వడం లాంటిది.

వద్దనే హక్కు ఈ దేశంలో కొత్తేం కాదు. ప్రభుత్వం వద్దనుకుంటే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ఒక సైటుని దేశం మొత్తానికీ కనబడకుండా చెయ్యగలదు. అమ్మకాల ఫోన్లు వద్దనుకుంటే 1909 ఉంది. వాట్సాప్‌లో మా బావమరిదిని కూడా బ్లాక్ చెయ్యగలను. (చేశాను. మా ఆవిడ చూస్తుందని తీసేశాను.) ఒక సైటుని దేశం మొత్తానికి వద్దనే దారి ఉంది గానీ, నా ఒక్కడి ఫోన్‌కి వద్దనే దారి లేదు.

మీ అభ్యంతరాలూ ఊహించగలను. పోటీ దుకాణంవాడు పదిమందిని కూడగట్టి ఎదుటివాడి సైటుని ‘వద్దు’ కొట్టిస్తాడేమో అంటారు. నా ‘వద్దు’ నా ఫోన్ గుమ్మం దాటకపోతే ఆ భయం లేదు. నచ్చనివన్నీ దాచుకుంటే మనిషి బావిలో కప్ప అవుతాడంటారు. ఇది కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. నాకు నచ్చని అభిప్రాయాన్ని కూడా ‘వద్దు’ కొట్టేసే బుద్ధి నాకూ పుట్టవచ్చు. దానికి మందు మా మార్కెట్లోనే ఉంది. చేపలమ్మే ఆమె ఒకసారి మెత్తబడిన వంజరం ఇచ్చింది. మా ఆవిడ ఆరు నెలలు ఆ బుట్ట వైపు చూడలేదు. “నీకాడ వొద్దులే అప్పా” అని దాటిపోయేది. ఒకనాడు ఆమే పిలిచి, “రామ్మా, ఆయేళ ఏటో అయిపోనాది, ఈ చేప మొప్పలు సూడు ఎంత ఎర్రగున్నాయో” అంది. ఇప్పుడు మళ్ళీ అక్కడే కొంటున్నాం. వద్దన్న మనిషే మళ్ళీ సరేననగలడు. ఎవరిని వద్దన్నాడో గుర్తుంటే చాలు. మీ లెక్కల్లో ఏ సైటు ఎందుకు పైకొచ్చిందో, ఏది ఎందుకు మునిగిందో నాకు తెలీదు. నేను దాచుకున్నవి నాకు తెలుస్తాయి. బావిలో ఉండక తప్పదంటే, నేను తవ్వుకున్న బావే నయం.

ఇంకో మాట. మీరిప్పుడు దూరంవారు కూడా కాదు. గూగుల్ వారు 2025 అక్టోబర్ 14న విశాఖకి ఏఐ హబ్బు ప్రకటించారు, ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో. దాని స్థలాలుగా తర్లువాడ, రాంబిల్లితో పాటు అడవివరం పేరూ పత్రికల్లో వచ్చింది. పెందుర్తిలో బీఆర్‌టీఎస్ రోడ్డెక్కి సింహాచలం దాటితే అడవివరమే. ఆ హబ్బు ఎన్ని నీళ్ళు తాగుతుందో, ఎంత కరెంటు తింటుందో వేరే అర్జీలో అడుగుతాను. ఇరుగుపొరుగు కాబోతున్నాం కనక ఇప్పటికి ఇది మాత్రం అడుగుతున్నాను. పక్కింటివాడు ‘వద్దండీ’ అంటే వినిపించుకోవడం మా ఊళ్ళో మర్యాద.

కావున తమరు దయతలచి,

1. ప్రతి ఫలితం పక్కనా ‘వద్దు’ అనే మీట, తెలుగు అక్షరాల్లో, నా బొటనవేలికి అందేంత పెద్దదిగా పెట్టించవలెను.

2. నా వద్దుల జాబితా ఒకచోట కనబడవలెను. ఎప్పుడంటే అప్పుడు పేరు కొట్టేసే వీలు ఉండవలెను. ఫోను మారినా అది నాతో రావలెను.

3. నా ‘వద్దు’ నాకే వర్తించవలెను. పక్క విస్తరి జోలికి పోరాదు.

4. 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ పేజీ నెత్తిన వస్తున్న ఏఐ సారాంశంలో, నేను వద్దన్న సైటు సరుకు కలపరాదు. వీధి గుమ్మంలో ఆపినవాణ్ణి పెరటి గుమ్మంలోంచి తీసుకురావడం పద్ధతి కాదు.

5. ఒకసారి ఇచ్చాక, చెప్పాపెట్టకుండా తీసెయ్యరాదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ రోజువారీ విధేయుడు,
పెందుర్తి.

నకలు: పాఠకులకు, తగు చర్య నిమిత్తం. ఆ మీట వచ్చేదాకా కస్టమర్ కేర్ నంబరు కోసం వెతక్కండి. కొన్న వస్తువు బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో చూడండి. రిపేరుకని యాప్ వేసుకోమన్నవాడి ఫోన్ పెట్టెయ్యండి. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.