డాట్రుగారు వాడిన బండి: టీకా తాత్పర్య విశేష సహితము

మూలము: “మాస్టారూ, డాట్రుగారు వాడిన బండండి. సింగిల్ హేండు. టర్బో. ఒక్క రూపాయి పనుండదు. ఇంక మీ ఇష్టం.”

అవతారిక: పలాస-కాశీబుగ్గ జంటపట్టణమున కాపురముండి, జాతీయరహదారిపై పాతిక కిలోమీటర్లకు పైబడిన దూరమందున్న టెక్కలికి నిత్యము ఉద్యోగార్థము పోయివచ్చు నొకానొక అధ్యాపకుడు, బస్సులలో నిలువుకాళ్ల ప్రయాణముచే మోకాళ్లు సడలి, పాతకారొకటి కొనదలచి మధ్యవర్తి నాశ్రయింపగా, ఆ మధ్యవర్తి యెడమచేత బానెట్టును నిమురుచు, కుడిచేతి ఫోనును చెవినుండి జానెడు తొలగించి, ఊపిరి తీయక యనుగ్రహించిన వాక్యమిది. ఆ యధ్యాపకులము మేమే. ఈ వాక్యమును అపౌరుషేయమని మేము తలంతుము. ఏలయన ఇచ్ఛాపురము మొదలు శ్రీకాకుళము వఱకు ఏ పాతబండికడ నిలుచున్నను అక్షరము తప్పక యిదియే వినబడును గాని, దీనిని తొలుత పలికిన పురుషుడెవ్వడో యెవ్వరును ఎఱుగరు.

మూలము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిన పూని కోలాచల మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్యాఖ్యలు రచించెను. మాకా నియమములు రెండును చెల్లవు. ఇచట మూలమునకే మూలము లేదు. సర్వీసు పుస్తకము పోయినదని భావము. వ్యావహారికమునకు పట్టము గట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన జిల్లాలో నుండి గ్రాంథికమేల వ్రాసెదవని కొందఱు అడుగవచ్చును. వ్యావహారికమున ఆ మధ్యవర్తితో వాదించి మూడుమాఱులు ఓడితిమి. గ్రాంథికమొక్కటే యతనికి రాదు.

డాట్రుగారు వాడిన: గంగలో గొల్లపల్లె యున్నదన్నచో, నీటిలో పల్లె యుండజాలదు గావున, గంగాశబ్దమునకు గంగయొడ్డని లక్షణచే నర్థము చెప్పుకొనుట ఆలంకారికుల మర్యాద. ఆ న్యాయమున ‘డాట్రుగారు’ అనగా డాక్టరుగారి వీథి. లేదా డాక్టరుగారి బావమఱది. కాదేని, డాక్టరుగారికడకు రోగులను మోసిన అద్దెవాహనమని యైనను గ్రహింపవచ్చును. ముఖ్యార్థమునే పట్టుకొందమన్న వారికి మా ప్రశ్న: వైద్యుడు వాడుట గుణమెట్లయ్యెను? ఇంటినుండి ఆసుపత్రికి, ఆసుపత్రినుండి నర్సింగుహోమునకు ముక్కముక్కలుగా తిరిగిన ఇంజను కాగీకాగక ముందే ఆగుచుండును. అట్టి అర్ధతాపము ఆయిలునకు మంచిది కాదని ఏ మెకానిక్కు నడిగినను చెప్పును. అట్లయ్యు మా ఉద్దానసీమయందు డాక్టరనగానే మనసు తలయొగ్గుటకు వేఱొక కారణము కలదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండవ్యాధి సోకని వీథి అరుదు. 2023 డిసెంబరులో పలాసయందే 200 పడకల ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును తెఱువబడినవి గాని, ఇచట డయాలిసిస్ కేంద్రములే లేని దినములలో ఆ చికిత్సకై శ్రీకాకుళమునకో విశాఖకో పోక తప్పినది కాదు. ఆ దినములలో జీడితోట తాకట్టువెట్టి పాతబండి కొన్నవారు విహారమునకై కొనలేదు. అట్టివాని బండి తెల్లవాఱుజామున నడిదారిలో నిలిచిపోయిన, దానిని లక్షణయని నవ్వుటకు మాకు నోరు రాదు. ప్రకృతమనుసరింతము.

సింగిల్ హేండు: స్పష్టము.

టర్బో: ఈ శబ్దమున విప్రతిపత్తి కలదు. త్వరణార్థకమగు తుర ధాతువునుండి పుట్టినదనియు, తురగశబ్దమునకు తోబుట్టువనియు మా సంస్కృతోపన్యాసక మిత్రుడొకడు టెక్కలి స్టాఫురూమున వడలు తినుచు స్థాపించెను. లాటినుభాషలో ఈ మాటకు బొంగరమనియు సుడిగాలియనియు నర్థము. ఇంజను విడిచిన వేడిపొగ యొక చిన్నచక్రమును త్రిప్పును. అదే యిరుసునకు రెండవ కొననున్న మఱియొక చక్రము బయటిగాలిని క్రుక్కి ఇంజనులోనికి త్రోయును. గాలి హెచ్చినకొలది ఇంధనమును హెచ్చించి మండింపవచ్చును గావున బలమును హెచ్చును. స్విట్జర్లాండుదేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూషీ 1905 లో దీని పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. విడుచు ఊపిరిచేతనే పీల్చు ఊపిరిని పుట్టించు నీ ప్రక్రియ పతంజలికిని తోచలేదు.

ఆ యిరుసు నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగగలదు. తిరుగుచు లోహమును తాకక, పలుచని ఆయిలుపొరపై తేలుచుండును. ఆ ఆయిలు వేళకు మార్చబడెనా? రహదారిపై పరుగు తీసివచ్చిన వెంటనే తాళము త్రిప్పక, ఒకటి రెండు నిమిషములు ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చిరా? ఈ రెండు ప్రశ్నలకును మొదటి యజమాని తప్ప నన్యుడు ఉత్తరమీయజాలడు. ఆ యజమాని డాట్రుగారు. ఆ డాట్రుగారు లక్ష్యార్థము. కొన్న నలువదియవ దినమున, నందిగాము దాటునప్పటికి మా వెనుక నీలిపొగ లేచినది. వెనుక వచ్చుచున్న లారీవాడు పొగను చూచి హారను మ్రోగించెను. మేము దానిని ప్రశంసగా గ్రహించితిమి.

టర్బో చెడ్డదని మా సిద్ధాంతము కాదు. నలుగురినెక్కించుకొని మహేంద్రగిరి దిక్కు కొండదారులెక్కువాడు, కొత్తబండిని వారంటీతో కొన్నవాడు దానిచే సుఖపడును. పాతబండ్ల సంతలోని డీజిలుకార్లన్నియు నించుమించు టర్బోగలవే యగుటయు, మారుతీవారు 2020 ఏప్రిల్ నాటికి డీజిలునకు స్వస్తి చెప్పుటచే ఆ జాతివి యెంత లేదన్నను అప్పటినుండి వయసు మోయుచున్నవే యగుటయు మఱువరాదు. ఒంటిగానో ఇరువురుగానో, సమతలమైన దారిలో, ఎనుబది వేగము మించక, పాఠమునకు పోయివచ్చువానికి టర్బో లేని పెట్రోలుఇంజను చాలును. తార్కికులు అభావమును నాలుగు తెఱగుల విభజించిరి. పుట్టుకతోనే లేని టర్బో అత్యంతాభావము. అది నిత్యము, దానికి మరమ్మతు లేదు. చెడిపోయిన టర్బో ప్రధ్వంసాభావము. దానికి మొదలు కలదు గాని తుద లేదు. మెకానిక్కు వ్రాసియిచ్చిన చీటియు నట్టిదే.

ఒక్క రూపాయి పనుండదు: ఇందు ‘ఒక్క’ అను విశేషణమే ప్రాణము. ఏకత్వము నిషేధింపబడినది గాని బహుత్వము నిషేధింపబడలేదు. నిజమే, రూపాయితో తీరు పని ఆ బండిలో నొకటియు లేకుండెను. ఇక దోషములేమి యనినంత మాకు జీడిపప్పు తలపునకు వచ్చుచున్నది. చదువరు లోర్చుకొందురు గాక.

జీడిమామిడి మన చెట్టు కాదు. పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిరి. తెలుగువాడు దానిని చూచి, చాకలివాడు బట్టలకు గుర్తువెట్టు నల్లజీడి దీనికి చుట్టమని యెట్లో పసిగట్టి, జీడియనియే పేరుంచెను. వృక్షశాస్త్రజ్ఞులు తరువాత వచ్చి, రెండును ఒకే కుటుంబమని యొప్పుకొనిరి. ఆ పండునకొక విచిత్రస్వభావము: తక్కిన పండ్లలో పెక్కు గింజను కడుపులో దాచుకొనగా, ఇది గింజను బయట వ్రేలాడదీయును. దాచుటయే యెఱుగని యీ ఫలమునకు తగినదే కాశీబుగ్గ వర్తకమును. పిక్కను కాల్చి, పగులగొట్టి, పొట్టు తీసి, ఏరుచోట కూర్చున్న ఆడువారి వ్రేళ్లను చూడుడు; జీడిచమురునకు కాలి నల్లబడిన వ్రేళ్లవి; కాని అవి తప్పు చేయవు. పౌనునకు 180 పలుకులు తూగు నిండుపప్పు ఒక తరగతి, 210 వేఱు, 240 వేఱు, 320 వేఱు. రెండుగా చీలినది బద్ద. విఱిగినది ముక్క. కొంచెము మాడి రంగు తిరిగినదానికి వేఱొక పేరు, వేఱొక డబ్బా, వేఱొక ధర. బద్దలు రెంటిని జిగురుతో నతికి నిండుపప్పని యమ్మిన వర్తకుని మేమీ యూర నెన్నడు చూడలేదు. లక్షల విలువగల వాహనము విషయమున, ముందుభాగము లారీక్రింద నలిగి రంగు వేయబడినదానికి ‘షోరూము కండిషను’ అనుట తప్ప పేరే లేదు! కిలో పప్పునకున్నపాటి తరగతి కారునకేల లేదు? పలుకును తిరుగవేసి చూచు ఆ యమ్మలలో నొకరిని బండ్లసంతకు తోడు తీసికొనిపోయిన బాగుండెడిదని మా ఇంటివారు నేటికిని అందురు.

ఏ వ్యాఖ్యకు దిగితిమో మఱచితిమి. దోషములు. నౌపడ ఉప్పుమళ్లమీదుగా, బారువ, భావనపాడు తీరములమీదుగా వీచు గాలి యినుమునకు మిత్రము కాదు. కావున ఉద్దానపు బండిని పైనుండి గాక క్రిందనుండి చూడవలెను: తలుపుల అడుగు, చక్రములపై తొట్లు, డిక్కీలో తివాచీ క్రింద స్టెప్నీగుంట. సీటుబెల్టును తుదివఱకు లాగిన, వఱదనీట మునిగిన బండియైనచో బురదచాఱ కనబడవచ్చును. 2018 అక్టోబరు 11 తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస చేరువ తీరము దాటి కొబ్బరిని, జీడిని, పనసను నేలగూల్చినది. ఆనాటి బండ్లపైనేమేమి పడెనో పైరంగు చెప్పదు. టైరుప్రక్క నచ్చొత్తిన నాలుగంకెలలో మొదటి రెండు వారము, కడపటి రెండు సంవత్సరము. అఱువది వేలు తిరిగినదని మీటరు చూపుచుండగా బ్రేకుపెడలురబ్బరు నున్నగా నరిగియున్నచో, మీటరు కంటె రబ్బరు సత్యవాది.

ఇంక మీ ఇష్టం: మీమాంసకుల మతమున స్తుతివాక్యము స్వతంత్రప్రమాణము కాదు, అర్థవాదమై, విధివాక్యమును ఆశ్రయించి బ్రతుకును. డాట్రుగారు మొదలు రూపాయివఱకు గల సర్వమును అర్థవాదము. ‘ఇంక మీ ఇష్టం’ అనునదే విధి, కొనుమని యర్థము. అది విధియేగాక రక్షాకవచము కూడ: పొగ లేచిన పిమ్మట మేము పోయి నిలదీయగా, “నాను ముందే అన్నాను గద మాస్టారూ, మీ ఇష్టమని” యనెను. పాతబండ్ల వ్యాపారి అధికారికడ అనుమతిపత్రము పొందవలెననియు, తనకడనున్న బండి యెచ్చటికి తిరిగినదో లెక్క వ్రాయవలెననియు కేంద్రప్రభుత్వము 2022 డిసెంబరులో నియమములు సవరించి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు తెచ్చెను. మేమా మాట యెత్తగా, అతడు తాను వ్యాపారిని కాననియు, నలుగురికి ఉపకారము చేయువాడననియు చెప్పి, మాకు టీ తెప్పించెను. మా నష్టమందు ఆ టీని మినహాయించితిమి.

తాత్పర్యము: టర్బో లేని పెట్రోలుబండి, సర్వీసు చిట్టా యున్నది, ఆర్సీలో అప్పు గుర్తు లేనిది, ఒడిశా నంబరైనచో ఎన్‌ఓసీ చేతికి వచ్చి, ఇచటి జీవితపన్ను లెక్క తేలినది, చల్లని ఇంజనును మన యెదుటనే తొలిసారి తిప్పనిచ్చిన యజమానిది యైనదే కొనదగినది. ‘ముందే వేడెక్కించి పెట్టినాను మాస్టారూ’ అన్నచో చేతులు జోడించి వెనుదిరుగవలెను.

గద్య: ఇది వంశధారా మహేంద్రతనయా నదీమధ్యస్థ పలాసపురనివాసియు, భూతపూర్వ టర్బోవాహన యజమానియు, వర్తమాన ఆర్టీసీ ప్రయాణికుండును నగు నొక టెక్కలి అధ్యాపకునిచే, కాంప్లెక్సున రెండు బస్సులు నిండి పోగా మూడవదానికై నిలుచుండి, పరీక్షపేపర్ల కట్టపై కాగితముంచి రచింపబడిన డాట్రుగారు వాడిన బండి యను వాక్యమునకు వ్యాఖ్యయందు సర్వంబును టర్బోరహితంబగు నేకాశ్వాసము.