సప్లై శాస్త్రి

బెంగళూరులో 1948లో టెలిఫోన్లు చేసే ఐ.టి.ఐ., 1954లో ఎలక్ట్రానిక్ పరికరాలు చేసే బి.ఇ.ఎల్. వెలిసిన తరువాత ఆ కర్మాగారాల చుట్టూ పెరిగిన దూరవాణినగర్, జాలహళ్లి పరిసరాలలో, ఉద్యోగ విరమణ చేసినా సోల్డరింగ్ ఐరన్‌కు మాత్రం విరామమివ్వని తెలుగు పెద్దమనిషి వీధికొకరు చొప్పున కనిపిస్తారు. సంగీతంపై ఆయనకు ప్రత్యేకాభిమానమేమీ లేదు గాని, ఇరుగుపొరుగు ఇళ్లలో మూగబోయిన ఆంప్లిఫయర్లంటే ప్రాణం.

వాటిలోనూ ఎస్.ఎం.పి.ఎస్. పోయినవంటే మరీ మక్కువ. ఎస్.ఎం.పి.ఎస్. అంటే 230 వోల్టుల ఏసీని మొదట డీసీగా మార్చి, దానిని సెకనుకు కొన్ని పదుల వేలసార్లు తెంచి కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, కావలసిన వోల్టేజీకి దించే సప్లై. ఎత్తితే నడుము పట్టేసేంత బరువైన పాత ట్రాన్స్‌ఫార్మర్లు పోయి అరచేతిలో ఇమిడే ఈ బోర్డులు రావడం కలికాల మహిమేనని ఆయన తిట్టిపోస్తారు. తిట్టుకుంటూనే మూత విప్పుతారు.

ఆయన ఆస్తిలో అత్యంత విలువైనది సిరీస్ బల్బు, అనగా చెక్కపై బిగించిన 100 వాట్ల ఫిలమెంట్ బల్బు. దీని గుండా కరెంటు ఇస్తే, లోపల షార్టున్నప్పుడు భాగాలు పేలడానికి బదులు బల్బు నిండుగా వెలుగుతుంది. షార్టు లేకుంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. ఎల్.ఇ.డి. బల్బులు ఈ పనికి రావు గనుక పాత బల్బులను ఆయన బీరువాలో, పట్టుచీరల పక్కన, తాళం వేసి దాచుతారు. స్నానాలగదిలో దీపం పోయినా ఇంటివారు చీకట్లోనే కానివ్వాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టులు నిలిచి ఉండవచ్చు గనుక, రెసిస్టర్‌తో దానిని దించి, మీటరుతో చూసుకునేదాకా ఎవరినీ దగ్గరకు రానివ్వరు. ఈ ఒక్క చాదస్తాన్ని మాత్రం వెక్కిరించరాదు.

సప్లై ‘టిక్, టిక్’మంటే రోగం చాలావరకు తెలిసినదే. సప్లైని నడిపించే 3842 వంటి కంట్రోలర్ ఐ.సి. దాదాపు 16 వోల్టుల దగ్గర లేచి, 10 వోల్టులకు పడితే ఆగి, మళ్లీ లేవబోతుంది. దానికి ఊతమిచ్చే చిన్న కెపాసిటర్ వేడికి ఎండి, అంతర్నిరోధం పెరిగినప్పుడు ఇలా జరగడం కద్దు. ఈ సంగతి ఆయనకు అందరికన్నా బాగా తెలుసు, కానీ అయిదారు రూపాయల కెపాసిటర్‌తో మొదలుపెట్టడం హోదాకు తగదు. అందుచేత ముందు కరెంటును తెంచి కలిపే మాస్‌ఫెట్‌ను, పిదప అవుట్‌పుట్ సమాచారాన్ని కాంతి రూపంలో వెనక్కి చేరవేసే ఆప్టోకప్లర్‌ను, ఆపైన ఐ.సి.ని మార్చుతారు, ఒక్కొక్కదానికీ టౌన్‌హాల్ సమీపంలోని ఎస్.పి. రోడ్డుకు ఒక్కొక్క యాత్ర. అక్కడ ‘ఒరిజినలేనా?’ అని సగం కన్నడంలో, సగం తెలుగులో అడగడం, ‘కంపెనీ మాల్ సార్’ అనిపించుకోవడం, నమ్మకపోవడం, కొనడం ఆచారం. చివరి యాత్రలో కెపాసిటర్ కొంటారు, అదీ 85 డిగ్రీల వేడికి తట్టుకునేది కాదు, 105 డిగ్రీలదే కావాలని పట్టుబట్టి.

సెట్టు లేచాక ఆయన పాట పెట్టరు; వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఫ్యాను ఆపించి, స్పీకర్‌కు చెవి ఆనించి ‘హమ్’ ఉన్నదా లేదా అని వింటారు. యజమాని మొహమాటంగా, ‘ఒక్క పాట వినొచ్చా సార్?’ అంటే, ‘పాటలు మీ ఇంటికెళ్లి వినండి’ అంటూ మూత బిగించి, ఇంట్లో ఇంకేమైనా చెడిపోయినవి ఉన్నాయా అని అడుగుతారు.