ముసుగేసుకున్న మొనగాణ్ణి

2020 వేసవి వరకూ గుంటూరులో నాది చెదలకీ బొద్దింకలకీ మందు కొట్టే పని. లాక్‌డౌన్‌లో బొద్దింకల్ని పట్టించుకునే నాథుడే లేడు, అందరికీ హైపో (సోడియం హైపోక్లోరైట్) కావాలి. సరే అని అందులోకి దిగాను. నెత్తి నుంచి పాదాల దాకా తెల్ల పీపీఈ కిట్టు, మూతికి ఎన్95, వీపున పంపు. నేను వీధిలోకొస్తే బాల్కనీల్లోంచి జనం వీడియోలు తీసేవారు. మా ఆవిడ ఒక ఫొటో చుట్టాల గ్రూపులో పెడితే, సరిహద్దులో కాపలా కాస్తున్న జవానుకి పెట్టినట్టు దండాలు పెట్టారు. నా కొంప ముంచింది ఆ దండాలే.

ఆ వేషమంతా వీధిలో ఉందనుకున్న వైరస్ కోసం. వీపు మీదున్న పదహారు లీటర్ల మందు నన్నేం చేస్తుందో ఆలోచించనే లేదు. ఎన్95 ఆపేది గాల్లో తేలే కణాల్ని. ఆ మందు నుంచి లేచే క్లోరిన్ వాయువు మాత్రం అందులోంచి దర్జాగా లోపలికొస్తుంది. దానికి వేరే మాస్కుంది: ముఖానికి అతుక్కునే రబ్బరుది, రెండు పక్కలా కార్ట్రిడ్జిలుండేది. పాత వృత్తి పుణ్యమా అని నా షెడ్డులోనే ఒకటి మేకుకి వేలాడుతోంది. గడ్డముంటే అది ముఖానికి సరిగ్గా అతకదు, సందుల్లోంచి గాలి దూరుతుంది. నాకు గడ్డం ముద్దు. పైగా ఆ నల్ల మాస్కులో ఫొటో తీస్తే దొంగలా ఉన్నాను.

పనితనం కూడా అలాగే ఏడిసింది. పది శాతం మందు లీటరుకి తొమ్మిది లీటర్ల నీళ్లు కలిపితే ఒక శాతం అవుతుంది, అది చాలు. కానీ ఘాటు తగలకపోతే ఇంటివాళ్లు "నీళ్లు కొట్టి పోతున్నాడు" అనేవారు. దాంతో నీళ్లు తగ్గించాను. కొట్టిన చోట పది నిమిషాలు తడి ఉండాలి, నేనేమో వెంటనే గుడ్డ పెట్టి తుడిచి మెరిపించేవాణ్ణి. గాగుల్స్‌కి ఆవిరి పడితే నుదుటి మీదకి నెట్టేసేవాణ్ణి. అడిగితే మనుషుల మీద కూడా కొట్టాను. మనుషుల మీద చల్లొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏప్రిల్‌లోనే చెప్పింది. నాకు బేరం ముఖ్యం.

మా బావ సత్తెనపల్లి దగ్గర మిరప వేస్తాడు. వీడియో చూసి ఫోన్ చేశాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నా.

"ఏరా, ప్యాంటు బూట్లలోకి దోపావేంటి? కారిన మందంతా బూట్లోకి దిగి పాదం నానదూ? ప్యాంటు బూటు పైనుంచి జారాలి."

అక్కడితో ఆగాడా? చెయ్యెత్తి పైకప్పుకి కొట్టేటప్పుడు గ్లవుజు చొక్కా చేతి మీదికి రావాలట, అంచు బయటికి మడిచి ఉండాలట, లేకపోతే మందు గ్లవుజులోకి కారుతుందట. గాలికి ఎదురు నిలబడి కొడుతున్నాననీ కనిపెట్టాడు. ఇంతాచేసి ఆయన మిరప తోటలో చొక్కా విప్పేసి మందు కొట్టే మనిషి! "నువ్వా నాకు చెప్పేది" అని ఫోన్ పెట్టేశాను. నా మణికట్టు చుట్టూ చర్మం అప్పటికే ఎర్రగా కంది, పొట్టు లేస్తోంది. ఎండవల్ల అనుకున్నాను.

తర్వాత ఒక అపార్ట్‌మెంట్‌లో బాత్రూముకి హైపో కొట్టాను. కమోడ్ పసుపు మరకలు కూడా వదిలించమన్నారు. మూలనున్న యాసిడ్ సీసా తీసి, తడి ఆరకుండానే పోశాను. వైరస్ బయటికి పోకూడదని తలుపేసుకున్నాను, ఫ్యాన్ ఆపేశాను, అప్పుడు గొంతుక్కూర్చుని బ్రష్షు పట్టాను. హైపోలో యాసిడ్ పడితే పుట్టేది క్లోరిన్. అది గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, నేల మీదే కూర్చుంటుంది. సరిగ్గా నా ముక్కున్న ఎత్తులో.

తలుపు తీసుకుని బయటపడ్డానో, పడి తీశానో గుర్తులేదు. కళ్లు మండి ఏమీ కనిపించలేదు. మెట్లు ఊడుస్తున్న మున్సిపాలిటీ ఆవిడ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని నన్ను గాలి తగిలే చోటికి లాగింది, పంపు కింద కళ్లు కడిగించింది. "ఆ రెండూ కలపకూడదని మా మేస్త్రి ఎప్పుడో చెప్పాడు బాబూ. నీకెవరూ చెప్పలేదా?" అంది. డబ్బా మీద రాసుంది. చదవలేదు.

దగ్గుతూ కిందికి దిగుతుంటే మనుషులు గోడలకి అతుక్కుపోయి దారిచ్చారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, కరోనా పరీక్ష కూడా చేశారు. లేదని తేలింది. ఆ మాట మా ఆవిడకీ బావకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. గ్రూపులో "విధి నిర్వహణలో వైరస్ బారిన పడ్డాడు" అని ఎవరో పెట్టారు, నేను కాదనలేదు. ఈసారి దండాలకి పూలగుచ్ఛం బొమ్మలు కూడా తోడయ్యాయి.

గడ్డం తీయించేశాను, రబ్బరు మాస్కు దిగింది. బావ గుట్టు బయటపెట్టలేదు. కానీ ఏటా మిరపకి నల్లి పట్టినప్పుడు ఫోన్ చేసి, "మీ కరోనా యోధుడు ఖాళీయేనా?" అని మా అక్కతో అడిగిస్తాడు. వెళ్లి మందు కొట్టొస్తాను. డబ్బులు అడగను.