చెప్పులు పాటించిన దూరం

2020 ఏప్రిల్. మా వీధి చివర రేషన్ షాపు ముందు ముగ్గుపిండితో వరసగా సున్నాలు చుట్టారు. తెల్లారేసరికి ఒక్కో సున్నాలో ఒక చెప్పుల జతో, సంచో, ఇటుకరాయో. వాటి మధ్య దూరం కొలిచినట్టుంది. వాటి తాలూకు మనుషులు మాత్రం వేపచెట్టు కింద భుజం భుజం రాసుకుంటూ, కరోనా ఎలా అంటుకుంటుందో చర్చిస్తున్నారు.

ఆ రోజుల్లోనే ఢిల్లీ నుంచి ఓ లెక్క దిగింది. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనమంటూ ఏప్రిల్ 7న కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పిన మాట: కట్టడి లేకపోతే ఒక రోగి 30 రోజుల్లో 406 మందికి అంటిస్తాడు, జనం కలుసుకోవడం 75 శాతం తగ్గితే రెండున్నర మందికే. ఆ అర మనిషికి మాస్కు ఎలా కట్టాలో చెప్పలేదు.

కాకిలెక్క అనకండి, నేనూ వేసి చూశాను. కట్టడి లేనప్పుడు ఒకరి నుంచి రెండున్నర మందికి, అయిదు రోజులకోసారి, నెలకు ఆరుసార్లు. హెచ్చవేసి కూడితే 406 వచ్చింది. కాకపోతే నా లెక్కలో మొదటి రోగిని కూడా కలిపితేగానీ రాలేదు. అంటే ఆయన తనకు తానే అంటించుకున్నాడన్నమాట!

గుణకారం సరే, ఆ 75 శాతం ఎక్కడిది? కొలిచింది కాదు, ‘అనుకుందాం’ అన్నది. ‘అబ్బాయి తాగడనుకుందాం, ఇక కాపురం బంగారమే’ అని పెళ్లిళ్ల పేరయ్య చెప్పినట్టు.

ఏప్రిల్ 24న నీతి ఆయోగ్ సభ్యుడు వి.కె.పాల్ చూపిన గ్రాఫులో గీత మే 16కల్లా కొత్త కేసుల సున్నాకు జారింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ మే 16న నమోదైన కేసులు దాదాపు 4 వేలు. అపార్థం జరిగిందని తర్వాత ఆయనే విచారం వెలిబుచ్చారు. సున్నాలు నిజంగా కనిపించింది మా రేషన్ షాపు ముందే.

ఈలోగా మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు తెరిచారు. బారులు తీరిన జనాన్ని తగ్గించడానికని రెండు రోజుల్లో ధర మొత్తం 75 శాతం పెంచారు. ఆ 75 అక్షరాలా అమలైంది అక్కడే.

దూరం పాటిస్తే రోగం తగ్గుతుందనడంలో నాకు అనుమానం లేదు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో ముప్పావు వంతు దూరం ఎక్కణ్నుంచి తేవాలన్నదే అనుమానం. ఆ గది కొలత ఏ సమీకరణంలోనూ కనబడలేదు.

మా వీధిలో మాత్రం ఆ ఢిల్లీ లెక్క నూటికి నూరుపాళ్లూ నిజమైంది. సున్నాల్లో బుద్ధిగా నిలబడ్డ ఒక్క చెప్పుల జతకూ కరోనా సోకలేదు.