మా కుందేటికి రెండే కాళ్లు

తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించేవాళ్లు ఒకసారి బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాటుకి వచ్చి, బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చేసి చూడాలి. మా ముని క్షణంలో వచ్చి వెనక కాళ్ల మీద నిలబడుతుంది. ముందు కాళ్లు గుండెల దగ్గర పెట్టుకుని, ముక్కు చకచకా ఆడిస్తూ మొహంలోకి చూస్తుంది. పెళ్లి పంక్తిలో రెండో బూరె వేస్తాడా లేదా అని వడ్డించేవాడి వంక చూసే పెద్దమనిషి చూపు అది.

ఆకులూ అలములూ తిని మౌనంగా ఉంటుందని ముని అని పేరు పెట్టాం. మౌనం వరకూ పేరు నిలబెట్టింది. దానికోసం తిమోతీ గడ్డి ఆన్‌లైన్లో తెప్పిస్తాం. చిత్తూరు నుంచి వచ్చిన మా మావగారు పార్సిల్ మీద ధర చూసి, "గడ్డికి ఇంత దుడ్డా! ఏం అల్లుడూ, నువ్వు అన్నమే తింటా ఉండావా?" అన్నారు. ఆ గడ్డి మీద కూర్చునే అది మా చేతిలోని హనీకేకు వంక చూస్తోందని ఆయనకి చెప్పలేకపోయాను.

తిండిలో నూటికి ఎనభై పాళ్లు ఎండుగడ్డే ఉండాలని పశువుల డాక్టరు గట్టిగా చెప్పాడు. కుందేటి పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. దాని పేగుల్లో పొట్టకంటే పెద్ద సంచి ఒకటుంది, అందులోని సూక్ష్మజీవులే ఆ గడ్డిని పులియబెట్టి అరిగిస్తాయి. అక్కడికి చక్కెర వెళ్తే పనికిరాని క్రిములు పెరిగి, గ్యాసు పట్టి, పేగుల కదలిక ఆగిపోవచ్చు. పడనిది తింటే కక్కేయడం కూడా దానికి చేతకాదు.

పోనీ క్యారెట్ ఇద్దామంటే అదీ స్వీటు ఖాతాలోనే రాశాడు. నిజానికి కుందేలుకి క్యారెట్ ముద్ర వేసినవాడు 1940లో తెరకెక్కిన బగ్స్ బన్నీ. 1934 నాటి 'ఇట్ హాపెండ్ వన్ నైట్'లో క్లార్క్ గేబుల్ క్యారెట్ నమిలిన తీరుని ఆ కార్టూను వెక్కిరించింది. హాలీవుడ్ హీరో ఆకలి మా ఫ్రిజ్ మీద పడింది!

మరి పడని తీపి మీద అంత మోజెందుకు? అడవిలో తీపి అరుదు, దొరికినప్పుడే తినెయ్యమంటుంది నాలుక. అక్కడ ఆ సలహా బాగానే ఉంటుంది, ఎందుకంటే అడవిలో అయ్యంగార్ బేకరీ లేదు. బెంగళూరులో సందుకొకటి ఉంది. పాకంలో నానిన హనీకేకు, పైన ఎర్ర జాము, దాని మీద కొబ్బరి పొడి... మనుషులే ఆగలేరు.

పైగా దాని కళ్లు తలకి చెరో పక్కా ఉంటాయి, వీపు వెనక డబ్బా తెరిచినా తెలిసిపోతుంది. సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం కనపడదు. దాన్ని వాసనతోనూ మీసాలతోనూ పట్టేస్తుంది. గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి, దేనికి గడ్డం రాస్తే అది తన సొత్తు. మా ఇంట్లో బేకరీ పెట్టెలన్నీ దాని పేరున రిజిస్టరైపోయాయి.

సంక్రాంతికి పక్కింటి కన్నడ ఆంటీ ఎళ్లు-బెల్లం, సక్కరె అచ్చులు తెచ్చింది. ముని లేచి నిలబడగానే కరిగిపోయి, "అయ్యో పాప, ఒందే ఒందు కొడి" అంది. షుగర్ పడదని మా ఆవిడ చెప్పింది. కుందేలుకి కూడా షుగరా అని నొచ్చుకుని, తీసిన చిలక అచ్చు వెనక్కి పెట్టలేక మా మావగారి చేతిలో పెట్టింది. అసలు షుగర్ ఉన్నది ఆయనకి.

అడిగినవాళ్లకి లేదనడం మనవల్ల కాదు. ప్రేమంటే నోట్లో తీపి పెట్టడమే అనుకునే జాతి మనది. కానీ మావగారిది వేరే బాధ. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఆయన మైసూర్‌పాక్ డబ్బా మెల్లిగా దించుతారు. మూత తియ్యగానే ముని ఎదురుగా హాజరు. ఇస్తే కూతురు ఊరుకోదు. ఇవ్వకపోతే అది అలిగి వెనక కాలు నేలకేసి 'ఠప్' మని కొడుతుంది. ఆ చప్పుడుకి మా ఆవిడ లేచి వస్తుంది. "నోరు లేని జీవి అంటారే, దీనికి ఉండేదంతా నోరే" అని ఆయన డబ్బా మళ్లీ పైకెక్కిస్తారు.

మొన్న రక్తపరీక్షలో ఆయన చక్కెర బాగా తగ్గింది. మందు మార్చలేదు కదా, ఏం చేశారని డాక్టరమ్మ అడిగింది. "పొద్దున్నే నడుస్తా ఉండా" అన్నారు మావగారు, ఎటో చూస్తూ. పక్కనే ఉన్న మా అత్తగారు కుందేలు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పి, చివర్లో ఒక సందేహం అడిగారు.

"ఈయనకి బీపీ కూడా ఉంది డాక్టరమ్మా. ఊరగాయ జాడీ మూత తీస్తే లేచి నిలబడే జంతువేదన్నా ఉంటే చెప్పండి, అదీ తెచ్చుకుంటాం."